పూత రాగానే ఫోన్ చేయండి

నవంబర్ 3

ఈ రోజు తోటకు నీళ్లు ఆపేశాను. మళ్లీ మనసు మారకుండా మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. వానలు వెళ్లిపోయాక మామిడికి చుక్క నీళ్లు ఇవ్వకూడదు, బెట్టకి వదిలేయాలి. ఎండిపోతానేమోనని చెట్టుకు బెంగ పట్టుకోవాలి, అప్పుడే పూస్తుంది. నాన్న అలాగే చేసేవాడు. జాలిపడి నీళ్లు పెట్టావా, ఆకులు మేస్తావు తప్ప కాయలు తినవు అనేవాడు.

మా ఆవిడ టౌనుకి, వాళ్లక్క దగ్గరికి వెళ్లి వారం దాటింది. బ్యాగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "పూత రాగానే ఫోన్ చేయండి. వస్తాను. అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోగా మీరూ ఆలోచించుకోండి, నేనూ ఆలోచించుకుంటాను" అంది. పోట్లాడి వెళ్లే మనిషి అలా అంటుందా? అనదు. కాబట్టి ఇది పోట్లాట కాదు.

నవంబర్ 5

జరిగింది ఇంతే. టౌన్లో కుట్టుపని నేర్పే బడిలో టీచరు కావాలని వదినగారు కబురు చేసింది. మా ఆవిడ చేతి పని అలాంటిది, ఎవరైనా పిలుస్తారు. "వెళ్లనా?" అని మూడు సాయంత్రాలు అడిగింది. మూడుసార్లూ "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట అనే మగాళ్లు ఎంతమందున్నారో చెప్పమనండి. నాలుగో సాయంత్రం అడగలేదు, బ్యాగు సర్దుకుంది.

"మీ 'నీ ఇష్టం'తో వేగలేకపోతున్నానండీ" అంది. అంటే ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు. వద్దంటే తప్పు. పో అంటే ఇంకా పెద్ద తప్పు. నీ ఇష్టం అన్నా తప్పేనా?

నవంబర్ 9

పూత రాగానే అని ఎందుకందో నాకు తెలుసు. పువ్వు విచ్చాక తోటలో మనిషికి పనుండదు. మందు కొట్టకూడదు, నీళ్లు పెట్టకూడదు, కొమ్మ కదపకూడదు. ఈగలూ తేనెటీగలూ వాటి పని అవి చేసుకుంటాయి, మనం అడ్డు తగలకుండా కూర్చోవాలి. ఏడాది మొత్తం మీద నేను కుదురుగా కూర్చునేది అప్పుడే. తను ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంటుంది, నేను గోనెసంచి పరుచుకుంటాను.

మిగతా ఏడాదంతా "మోటారు వేశారా", "వేశాను" తప్ప మా మధ్య మాటలుండవు. ఉన్న మాటలన్నీ పూతకి దాచుకుంటాం. పిల్లలు ఇక పుట్టరని డాక్టరు చెప్పిన సంగతి కూడా పూతలోనే మాట్లాడుకున్నాం. తను ఏడ్చింది, నేను కొమ్మలకేసి చూస్తూ కూర్చున్నాను. అయినా అది మంచి రోజే అని తను తర్వాత చాలాసార్లు అంది.

కాబట్టి పూత వచ్చేదాకా నేను ఫోన్ చేయకూడదు. ముందే చేస్తే తొందరపడినట్టుంటుంది. నీళ్లు ఆపగానే చెట్టు ఆకు వేలాడేస్తుంది, చూస్తే పాపం అనిపిస్తుంది, కానీ ఓర్చుకుంటేనే పూస్తుంది. మనుషులూ అంతేననుకుంటాను. ఏదో ఒక రోజు తనే చేస్తుంది.

నవంబర్ 16

నాకు బాగానే ఉంది.

నవంబర్ 17

రేడియో వచ్చాడు. పక్క తోట ఆయన్ని అందరం రేడియో అనే పిలుస్తాం. మోగుతూనే ఉంటాడు, ఆపడానికి మీట లేదు.

"ఏం బావా, చెల్లెమ్మ ఇంకా రాలేదా?"

"పూతకి వస్తుంది."

"చలి తగిలితే కదా పూత, ఎప్పుడొస్తుందో చెట్టుకే తెలియట్లేదు. నువ్వు రాత్రి ఫ్యాన్ ఆపి పడుకుంటున్నావా? లేదుగా! నీకే చలి లేనిది దానికెక్కడిది?" అన్నాడు. గడప మీద కూర్చుని నా వంటింట్లోకి తొంగిచూశాడు. "చెట్టుకేమో బెట్ట, పెళ్లాం దగ్గరేమో బెట్టు. రెండూ ఒకేసారి పెట్టుకున్నావు. చివరికి ఎండేది నువ్వే బావా."

నవ్వాను. ఆయన వెళ్లాక గిన్నెలు తోముకున్నాను.

డిసెంబర్ 2

ఈపాటికి రగ్గులు తీయాలి. తీసి ఎండలో వేశాను కూడా, కానీ కప్పుకోవాల్సిన పని పడలేదు. తెల్లవారుజామున తోటలోకి వెళ్తే కాళ్లకి మంచు తగలాలి కదా, నేల పొడిగా, వెచ్చగా ఉంది.

దిండు గలీబు చిరిగింది. తన కుట్టు మిషన్ మీద కుడదామని కూర్చున్నాను. దారం ఎక్కించడం రాలేదు. ఎలా ఎక్కించాలో అడగడానికి ఫోన్ చేయొచ్చు. అది మిషన్ సంగతి, పూత సంగతి కాదు, కాబట్టి తొందరపడినట్టు కాదు. నెంబరు దాకా వెళ్లాను. తర్వాత చేతి సూదితోనే కుట్టుకున్నాను. వేలికి రెండుచోట్ల గుచ్చుకుంది.

డిసెంబర్ 10

మొగ్గ ఉబ్బింది!

రెండు మూడు రాత్రులుగా కాస్త చల్లబడింది. పొద్దున్న చూస్తే కొమ్మ చివర్లన్నీ ఉబ్బి ఉన్నాయి. ఇప్పుడే గంతులేయకూడదు. ఉబ్బిన మొగ్గలోంచి పూత వస్తుందో, ఇగురేసి లేతాకు వస్తుందో విచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. చలి ఇంకొన్నాళ్లు నిలిస్తే పూత, వెచ్చబడితే ఇగురు. నిలుస్తుంది. నాకు నమ్మకముంది.

క్షవరం చేయించుకున్నాను. ఆ ప్లాస్టిక్ కుర్చీ కడిగి ఆరబెట్టాను. ఫోన్లో ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. "పూత వచ్చింది." అంతే, రెండు ముక్కలు. కానీ గొంతు ఎవరిదోలా ఉంది. రోజంతా ఎవరితోనూ మాట్లాడకపోతే గొంతు ఇలాగే తయారవుతుంది కాబోలు.

డిసెంబర్ 11

ఈ రోజు కూడా చల్లగానే ఉంది.

డిసెంబర్ 12

చల్లగానే ఉంది. ఫ్యాన్ ఒకటిలో పెట్టుకున్నాను, అంతే.

డిసెంబర్ 17

వాన.

ఈ నెలలో వానేమిటి? నెలన్నరగా నేను చుక్క చుక్క లెక్క చూసి ఎండబెట్టిన తోటకి ఒక్క పూటలో కడుపు నింపేసి పోయింది. గొడుగేసుకుని తోట మధ్యలో నిలబడ్డాను, నేను అడ్డం నిలబడితే ఆగుతుందన్నట్టు. రేడియో తన షెడ్డులోంచి అరిచాడు, "బావా, చెట్టుకి గొడుగు పట్టు, నీకెందుకూ!" తిట్టాలనిపించింది. తిట్టడానికైనా ఒక మనిషి ఉన్నాడులే అనుకుని ఊరుకున్నాను.

డిసెంబర్ 26

తోట మొత్తం ఇగురేసింది.

ఏ చెట్టు చూసినా లేతాకే, రాగి చెంబు తోమిపెట్టినట్టు మెరుస్తోంది. ఎవరైనా చూస్తే ఎంత బాగుందో అంటారు. నాకు మాత్రం కత్తి తీసుకుని అన్నీ కోసెయ్యాలనిపించింది.

తోటల ఆఫీసరమ్మ వచ్చింది. జలుబు చేసి ఉంది, ముక్కు తుడుచుకుంటూనే ఒక్కో కొమ్మా వంచి చూసింది.

"చెట్టు క్యాలెండరు చూసుకోదండీ, చలి చూసుకుంటుంది" అంది. "రాత్రిళ్లు వెచ్చగా ఉంటే ఇంకా ఎదిగే కాలమేననుకుంటుంది. దానికి తోడు వాన పడింది. ఇంకేం, ఆకేసింది. ఇప్పుడు ఏటేటా ఇదే గోల. కిందటేడు మీకు ఆలస్యం కాలేదూ?"

అయింది. కిందటేడు పూతలో కూర్చున్నప్పుడు తను ఎండకి కొంగు కప్పుకుంది. నేను గమనించాను, కానీ ఏమీ అనలేదు.

"అన్ని చోట్లా ఒకేలా ఉన్నా సరిపెట్టుకోవచ్చు" అంది ఆవిడ. "టౌన్లో రోడ్ల పక్క చెట్లు నెల ముందే పూసేశాయి. మీకేమో ఆకులు. ఏ చెట్టు లెక్క దానిదైపోయింది."

"మళ్లీ ఎప్పుడు పూస్తుంది?"

"ఈ ఇగురు ముదరాలి, ఆ తర్వాత చలి తగలాలి. అప్పటికి చలి ఎక్కడుంటుంది? కొన్ని ఫిబ్రవరిలో పూయొచ్చు. కొన్ని ఈ ఏడాదికి అసలు పూయకపోవచ్చు."

"ఫిబ్రవరి అయితే కష్టమండీ."

"ఎందుకూ, ఎవరికైనా కాపు అమ్ముతానని మాటిచ్చేశారా?"

"లేదండీ. ఇంటికి రావాల్సిన వాళ్లున్నారు" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. తుమ్మి వెళ్లిపోయింది.

డిసెంబర్ 29

పొగ పెడితే పూత వస్తుందని పాతవాళ్లు అనేవారు. ఎండాకు పోగుచేసి సాయంత్రం చెట్ల కింద రాజేశాను. గాలి ఇంటివైపు తిరిగింది. రేడియో తోట అంటుకుందనుకుని బిందె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సంగతి తెలిశాక తిట్టలేదు. ఆయన నోట మాట లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. బిందెలో నీళ్లు మెల్లగా మంట మీద పోసి, "పద బావా, మా ఇంట్లో తిందువుగాని" అన్నాడు.

వెళ్లలేదు. ఆకలి లేదన్నాను. కళ్లు చాలాసేపు మండాయి.

జనవరి 4

ఫోన్ మోగింది. తోటలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాను. కొత్త ప్లాను గురించి చెప్పడానికి కంపెనీ అమ్మాయి. పాపం, ఆయాసపడుతున్న మనిషికి కూడా ఓపిగ్గా చెప్పింది. చివరిదాకా విన్నాను. "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంది.

ఆలోచించి, వద్దన్నాను.

జనవరి 9

రాయాలని లేదు. కానీ రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్న బావి పక్క చెట్టుకి ఒక కంకి కనిపించింది. పూతకంకే, కానీ సగం పువ్వులు, సగం లేతాకులు. ఎటూ తేల్చుకోలేక రెండూ కలిపి వేసినట్టుంది. రేడియోని పిలిచి చూపించాను.

"పూతంటే పూతే, ఆకంటే ఆకే. నీలాగే ఉంది" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "పూతే బావా. ఎవరడిగినా నేను సాక్ష్యం చెప్తాను. వెళ్లి ఫోన్ చెయ్" అన్నాడు.

చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"పూత వచ్చింది" అన్నాను.

వెనకాల కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

"ఇప్పుడా?" అంది. "ఇప్పటికి పిందెలుండాలి కదండీ?"

"పిందెలేమిటి?"

"ఇక్కడ అక్కావాళ్ల సందు చివర చెట్టు నవంబరు ఆఖరుకే పూసింది. టౌనంతా పూసింది. ఏటా మన తోటే కదా ముందు పూసేది? ఇక్కడే పూసిందంటే అక్కడ ఎప్పుడో పూసి ఉంటుందనుకున్నాను." ఆగి, మళ్లీ అంది. "రోజూ ఆ చెట్టు కింద నుంచే వెళ్లేదాన్ని. పూత విచ్చింది, రాలింది, పిందె కూడా పడింది. మీ ఫోన్ రాలేదు. ఇంక చెయ్యరనుకున్నాను."

"నువ్వు చేయొచ్చుగా?"

"చెయ్యమని మీకు చెప్పి వచ్చాను కదండీ. నేనే చేసి రమ్మంటారా అని అడిగితే మీరేమంటారో నాకు తెలియదా?"

నాకూ తెలుసు. "మనకి పూయలేదు" అన్నాను. "తోటంతా ఆకేసింది. ఇవాళ ఒకే ఒక్క కంకి కనబడింది, అదీ సగం ఆకే."

"అయ్యో" అంది. ఆ అయ్యో తోటకో నాకో తెలియలేదు.

అప్పుడు చెప్పింది. కుట్టుబడిలో రెండేళ్లకి సంతకం పెట్టిందట. బడి వెనకే గది ఇచ్చారట. "పోయిన వారమే పెట్టాను. అప్పటిదాకా ఏదో ఒకటి చెప్పి ఆపుతూనే ఉన్నాను" అంది.

ఆ తర్వాత తను ఆగింది. అది నేను మాట్లాడాల్సిన చోటు. ఇప్పుడు రాస్తుంటే తెలియడం కాదు, అప్పుడే తెలుసు. మిషన్లు తిరుగుతున్నాయి. ఎవరో అమ్మాయి నవ్వింది.

"మంచి పనేలే" అన్నాను.

"ఊఁ" అంది. "ఉంటానండీ. పిల్లలు పిలుస్తున్నారు."

జనవరి 10

నాకు బాగాలేదు. నవంబరు నుంచీ బాగాలేదు. నువ్వు లేని ఇంట్లో నాకు బాగాలేదు.

ఇది చెప్పడానికి పూత ఎందుకు? ఏ కాలంలోనైనా చెప్పొచ్చు కదా. ఆకు రాలేటప్పుడైనా, వానలో తడుస్తూనైనా చెప్పొచ్చు. చెట్టుకైతే నోరు లేదు. నాకేమైంది?

జనవరి 11

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

జనవరి 28

వదినగారు ఫోన్ చేసింది. "మా చెల్లి దగ్గర నేర్చుకోవడానికి జనం ఎగబడుతున్నారు మరిదిగారూ, మొహం కళకళలాడిపోతోంది దానికి" అంది. చాలా సంతోషమండీ అన్నాను. సంతోషమే. నేను ఎండబెట్టాననుకున్న మనిషి అక్కడ శుభ్రంగా చిగురించిందన్న మాట. సంతోషం కాకపోతే ఏమిటి?

ఒక రోజు వెళ్లి చూసి రావచ్చు కదా అంది ఆవిడ. తోటలో పనుందన్నాను. పూత లేని తోటలో ఏం పనుంటుందో ఆవిడ అడగలేదు.

ఫిబ్రవరి 22

పూసింది.

ఉత్తరం వైపు వరుసలో చెట్లు పూశాయి. సగం కాదు, నిండుగా. పొద్దున్నే వాసన ఇంట్లోకి వచ్చింది, లేచి కూర్చున్నాక గానీ అదేమిటో తట్టలేదు. రేడియో గోడ మీద నుంచి "బావా, నీ పెళ్లివారొచ్చారు!" అని కేక వేశాడు. వెంటనే, "ఎండ చూశావా, ఎన్నాళ్లు నిలుస్తుందో" అని కూడా అన్నాడు. నిజమే. పూత చలికాలంలో రావాల్సింది, ఎండాకాలం వాకిట్లో నిలబడి ఉంది. పొద్దెక్కేసరికి కంకులు తలలు వాల్చేస్తున్నాయి.

ఈసారి అద్దం ముందు నిలబడలేదు. చెట్టు కింద నుంచే ఫోన్ చేశాను.

"పూత వచ్చింది. ఈసారి నిజంగా వచ్చింది" అన్నాను. ఆగితే నోరు పడిపోతుందని ఆగకుండా అనేశాను, "నువ్వు రా. నువ్వు రావాలి. నాకు నిన్ను చూడాలనుంది."

ఇన్నేళ్లలో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. అంత కష్టమేమీ కాదు. దీనికోసమా ఇంత అనిపించింది.

ఈసారి మిషన్ల చప్పుడు లేదు. బయటికొచ్చి నిలబడినట్టుంది.

"పిల్లలకి నెలాఖరున పరీక్షలండీ" అంది. గొంతు మెత్తగా ఉంది, కోపం లేదు. కోపమున్నా బాగుండేది. "ఇప్పుడు వదిలేసి రాలేను. ఫొటో పెట్టండి. చూస్తాను."

"పెడతాను" అన్నాను.

తీశాను. చాలా తీశాను. ఎండకి కొన్ని తెల్లగా వచ్చాయి, కొన్నింట్లో నా నీడ పడింది. ఒకటి మాత్రం బాగా వచ్చింది. కొమ్మ నిండా పూత, ఒక కంకి మీద తేనెటీగ కూడా ఉంది. ఎవరు చూసినా బాగుందంటారు. తనూ అంటుంది. బాగుందండీ అని రాస్తుంది, మళ్లీ క్లాసులోకి వెళ్లిపోతుంది.

పంపలేదు. పంపితే చూసేస్తుంది. చూసేశాక ఇంక రావడానికేముంది?

సాయంత్రం తన మెసేజ్ వచ్చింది. "ఫొటో రాలేదండీ."

"ఇక్కడ సిగ్నల్ లేదు" అని పెట్టాను. ఆ మెసేజ్ వెంటనే వెళ్లిపోయింది.